నల్ల గొర్రెలు, గొంగళ్లు, మా చిన్న దుకాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నారాయణపేట వైపు ఒక చిన్న ఊరు. దొడ్డిలో నలభై రెండు గొర్రెలు, మూడు పొట్టేళ్లు, వాటి పిల్లలు. ఇంటి ముందు గదిలో దుకాణం, వెనక పందిరి కింద గుంట మగ్గం. దుకాణానికి వచ్చినవాళ్లు, ఫోన్ చేసినవాళ్లు అడిగేవి దాదాపు ఒకటే. చెప్పడం నాకు ఇష్టమే. కాకపోతే కత్తెర చేతిలో ఉన్నప్పుడో, గొర్రె ఈనుతున్నప్పుడో ఫోన్ మోగితే సగం మాటే చెప్పగలుగుతాను. అందుకే తీరిక చేసుకుని ఇక్కడ రాసి పెడుతున్నాను.

మీ గొర్రెలన్నీ నల్లగా ఉన్నాయెందుకు? మా ఊళ్లో తెల్లవీ ఎర్రవీ కదా ఉంటాయి?

మీరు చూసేవి చాలావరకు నెల్లూరు జాతివో, వాటితో కలిసినవో అయివుంటాయి. పొడుగు కాళ్లు, వేలాడే చెవులు, ఒంటికి అంటుకున్నట్టుండే పొట్టి వెంట్రుకలు. వాటిలో తెల్లవాటిని పల్ల అనీ, మూతి దగ్గరా కళ్ల చుట్టూ నల్ల మచ్చలున్నవాటిని జోడిపి అనీ, ఎర్రవాటిని డోర అనీ అంటారు. బాగా ఎదుగుతాయి, మాంసం వస్తుంది. ఉన్ని మాత్రం రాదు.

మావి దక్కనీ గొర్రెలు. తెలంగాణ, ఉత్తర కర్ణాటక, మహారాష్ట్ర మెట్ట నేలల్లో తరతరాలుగా ఉన్న జాతి. ఒళ్లంతా నల్లని ముతక ఉన్ని. కొన్నింటికి నుదుటి మీద తెల్ల చుక్క ఉంటుంది, వాటిని మేం బొల్లి అని పిలుస్తాం. మనిషి ఎత్తుకోగలిగినంత బరువు, గట్టి గిట్టలు. ఎండిన కంచెల్లో, అంటే మేత బీళ్లలో, ఏ ఆకు దొరికితే అది తిని, రోజుకు పది కిలోమీటర్లు నడిచినా అలసట చూపించవు.

2019 పశుగణన ప్రకారం గొర్రెల సంఖ్యలో తెలంగాణది దేశంలోనే మొదటి స్థానం, దాదాపు 1.9 కోట్లు. ఆ తర్వాతి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది, సుమారు 1.76 కోట్లు. ఇన్ని గొర్రెలున్న చోట గొంగడి నేయడానికి ఉన్ని వెతుక్కోవలసి రావడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. మటన్ రేటు పెరిగేకొద్దీ మందలో నల్ల పొట్టేలును తీసేసి ఎత్తయిన పొట్టేలును కట్టారు. 2017లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ సబ్సిడీ గొర్రెల పథకంలో ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్‌గా ఇచ్చారు. మా చుట్టుపక్కల ఊళ్లకు ఆ లెక్కన వచ్చినవి కూడా ఎక్కువగా ఉన్ని లేని జాతులే. కాపరిని తప్పు పట్టలేం. ఉన్నికి రూపాయి రానప్పుడు, కిలోల్లో తూగే పిల్లను వదులుకోమని అతనికి ఎలా చెప్తాం? ఉన్ని కొనేవాళ్లుంటేనే నల్ల పొట్టేలు మందలో నిలుస్తుంది. మేం దుకాణం పెట్టింది అందుకే.

ఉన్ని కత్తిరిస్తే గొర్రెకు నొప్పి పుట్టదా?

పుట్టదు. మన జుట్టు కత్తిరించినట్టే. కత్తిరించకపోతేనే దానికి కష్టం: ఎండాకాలం ఉడికిపోతుంది, వానాకాలం తడిసిన ఉన్నిలో పురుగు పడుతుంది.

మేం ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తాం. సంక్రాంతి దాటి చలి విరిగాక ఒకసారి, మృగశిర కార్తెకు ముందు ఒకసారి. ముందురోజు గొర్రెలన్నిటినీ చెరువుకు తోలి, ఒక్కొక్కదాన్నీ నడుము లోతు నీళ్లలో నిలబెట్టి చేతులతో పిసికి కడుగుతాం. మర్నాడు పొద్దెక్కాక, ఒళ్లు పూర్తిగా ఆరాక కత్తెర పడుతుంది.

మా మామ కత్తిరిస్తుంటే చూడాలి. గొర్రెను పక్కకు పడుకోబెట్టి కాళ్లు వదులుగా కట్టి, తల తన మోకాలి కింద ఆనిస్తాడు. ఎడమ చెయ్యి ఎప్పుడూ కత్తెరకన్నా ముందు వెళ్తుంది, చర్మాన్ని సాగదీసి పట్టుకుంటూ. పొట్ట దగ్గర మొదలుపెట్టి వెన్ను దాకా వస్తాడు. పైన ఎండకు మాసి గోధుమ రంగు తిరిగిన ఉన్ని విడిపోయి, లోపలి నుంచి నిగనిగలాడే నల్లదనం బయటపడుతుంది. చేత్తో పట్టుకుంటే కొంచెం జిడ్డుగా, వెచ్చగా ఉంటుంది. చర్మం మడతలు పడే చంక దగ్గరికి వచ్చేసరికి మామ మాట్లాడటం ఆపేస్తాడు. అక్కడే కత్తెర గీరుకునే ప్రమాదం. ఒక్కో గొర్రెకు ఇరవై నిమిషాలు పడుతుంది. కట్లు విప్పగానే అది లేచి ఒళ్లు దులుపుకుని మందలోకి పరుగెడుతుంది. పిల్ల మాత్రం తల్లిని గుర్తుపట్టలేక అరుస్తూ తిరుగుతుంది. గొంతు విని, వాసన చూసి, ఆఖరికి పొదుగు దగ్గరికి చేరుతుంది. కత్తిరింపు రోజు మా దొడ్డిలో ఈ గోల సాయంత్రం దాకా ఉంటుంది.

ఒక్కో గొర్రెకు ఎంత ఉన్ని వస్తుంది? గొంగడి అంత ధర ఎందుకు?

ఈ రెండూ ఒకటే ప్రశ్న, అందుకే కలిపి చెప్తున్నాను. మా గొర్రె ఒక కోతకు మూడు వందల గ్రాముల చిల్లర ఇస్తుంది. రెండు కోతలు కలిపినా ముప్పావు కిలో దాటదు. అందులో ముళ్లు, మట్టి, పెంట అంటిన ముక్కలు, మరీ పొట్టి పోచలు తీసేస్తే పావు వంతు పోతుంది. మేం నేసే పెద్ద గొంగడి మూడు కిలోలు తూగుతుంది. అంటే ఒక గొంగడికి పన్నెండు గొర్రెల ఒక కోత ఉన్ని కావాలి. మా మంద మొత్తం ఏడాది పొడుగునా ఇచ్చే ఉన్నితో ఏడు గొంగళ్లకు మించి కావు. మిగతాది చుట్టుపక్కల ఉన్న నల్ల మందల నుంచి కొంటాం.

తర్వాత పని లెక్క. ఏరడానికి, ఏకడానికి రెండు రోజులు. వడకడానికి ఒక మనిషికి దాదాపు రెండు వారాలు. పడుగు (మగ్గం మీది నిలువు పోగులు) తీసి గంజి పెట్టడానికి ఒక రోజు, నేయడానికి మూడు రోజులు. మీరిచ్చే డబ్బులో పెద్ద భాగం వడికిన ఆడవాళ్లకే వెళ్తుంది, అలాగే వెళ్లాలి. బజారులో మూడు వందలకు దొరికే దుప్పటి ఉన్నిది కాదు, అక్రిలిక్. పోల్చాలంటే ఒక పోచ పీకి నిప్పు దగ్గర పెట్టండి. ఉన్ని వెంట్రుక కాలిన వాసనతో మాడి బూడిదవుతుంది, మంట తీసేస్తే ఆరిపోతుంది. అక్రిలిక్ కరిగి గట్టి ఉండ కడుతుంది.

గొంగడి గుచ్చుకుంటుందా?

గుచ్చుకుంటుంది. ఉన్న మాట చెప్పి అమ్మడమే మాకు అలవాటు. మెత్తని శాలువాలకు వాడే మెరినో ఉన్ని పోచ మందం 24 మైక్రాన్ల లోపు ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దక్కనీ ఉన్ని అందుకు రెట్టింపు దాకా ఉంటుంది. ఒంటికి నేరుగా తగిలే స్వెటర్‌కు ఇది పనికిరాదు. "గొంగట్లో అన్నం తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టు" అనే సామెత ఊరికే పుట్టలేదు.

కానీ ఆ ముతకదనంలోనే దాని బలం ఉంది. పక్క కింద పరిచినా, చొక్కా మీద భుజాన వేసుకున్నా, సంచీగా కుట్టినా, కూర్చునే ఆసనంగా వాడినా ఏళ్ల తరబడి అరగదు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమ పీల్చుకున్నా ముట్టుకుంటే తడిగా అనిపించదు. అందుకే కాపరి గొంగడి ఒక మూలను మడిచి తల మీదుగా వేసుకుని జడివానలో కూడా మంద వెంట నిలబడగలడు. ఎండలో అదే నీడ, రాత్రి అదే పరుపు, ఈనిన పిల్లను ఇంటికి మోసుకొచ్చే జోలె కూడా అదే.

మెత్తగా కావాలనుకునేవాళ్లకు పిల్ల ఉన్ని ఉంది. మొదటి కోతలో వచ్చే ఉన్ని అది, పెద్దవాటి ఉన్నికన్నా చాలా మెత్తన. ఏడాదికి మూడు నాలుగు కిలోలకు మించి ఉండదు, సంక్రాంతి కోత అయిన నెలలోనే అయిపోతుంది.

గొంగడి తయారవడం చూడొచ్చా? ఏ రోజు రావాలి?

ఒక్క రోజే రాగలిగితే గంజి పెట్టే రోజు రండి. ఫోన్ చేసి కనుక్కుని, చీకటితోనే రావాలి.

ఉన్నిని ముందు విల్లుతో ఏకుతారు. నారి కొట్టినప్పుడల్లా ముద్దలుగా ఉన్న ఉన్ని విడివడి, పొగలా పైకి లేచి, పొరలుగా పడుతుంది. దాన్ని ఏకులుగా చుట్టి ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతారు. మా వీధిలో ఇప్పుడు వడికేవాళ్లు నలుగురే, అందరూ అరవై దాటినవాళ్లు. మా పెద్దమ్మ కళ్లు సరిగా కనపడకపోయినా, వేళ్ల మధ్య జారే పోగు మందం బట్టి ఏకును ఎంత వదలాలో తెలుసుకుంటుంది. పోగు ఎక్కడ సన్నబడిందో మనకు కనపడేలోపే ఆమె చెయ్యి ఆగిపోతుంది.

పోగు సిద్ధమయ్యాక పడుగు తీస్తారు. చేత్తో వడికిన ఉన్ని పోగుకు అంతటా నూగు ఉంటుంది. అలాగే మగ్గం ఎక్కిస్తే ఒకదాన్నొకటి పట్టుకుని చిక్కుపడి తెగిపోతాయి. అందుకే చింతగింజల గంజి. గింజలు వేయించి, పొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, పెద్ద గిన్నెలో ఉడకబెడితే జిగురులాంటి గంజి వస్తుంది. తెల్లవారుజామునే వీధిలో వేపచెట్ల మధ్య పడుగును సాగదీసి కట్టి, కుంచెతో గంజి రాసుకుంటూ ఇద్దరు చెరో వైపు నడుస్తారు. నూగు అణిగిపోయి పోగులు నున్నగా, బిగుతుగా తయారవుతాయి. ఎండ ముదిరేలోపు పని అయిపోవాలి, లేకపోతే గంజి మధ్యలోనే ఆరి పెళుసవుతుంది. ఆ ఉడికిన చింతగింజల వాసన, తడి ఉన్ని వాసన కలిసి వీధంతా ఉంటుంది. కొత్త గొంగడిని మీరు ఇంటికి తీసుకెళ్లాక కొన్నాళ్లు వచ్చే వాసన అదే. కొందరు పాడైందేమోనని ఫోన్ చేస్తారు. పాడవలేదు, వాడుతుంటే పోతుంది.

నేత గుంట మగ్గం మీదే. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, కాళ్లతో తొక్కుతూ, నాడెను చేత్తో విసురుతూ నేస్తారు. వానాకాలం గుంటలోకి చెమ్మ దిగితే మగ్గం ఆపేస్తాం. ఆ నెలల్లో ఆర్డర్లు ఆలస్యమవుతాయి, దయచేసి ఓపిక పట్టండి.

రంగుల గొంగళ్లు ఉన్నాయా?

లేవు. మా నలుపు గొర్రె ఇచ్చిన నలుపే, నల్ల ఉన్ని మీద రంగు వేసినా కనపడదు కూడా. అంచుకు తెల్ల చార కావాలంటే తెల్ల ఉన్ని పోగు వేసి నేస్తాం.

పూజకు, పెళ్లికి గొంగడి కావాలి. చిన్నది చేస్తారా?

చేస్తాం. బీరప్ప పండుగకు, కొమురవెల్లి మల్లన్న మొక్కులకు వెళ్లేవాళ్లు తీసుకెళ్తుంటారు. మా కురుమల ఇళ్లలో గొంగడి పరచకుండా శుభకార్యం మొదలుకాదు. గొర్రెలు పుట్టలోంచి పుట్టాయని చెప్పే ఒగ్గు కథ విన్నవాళ్లకు దీని గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు. పూజకైతే కలగలుపు లేని గొంగడి కావాలని ముందే చెప్పండి, చార లేకుండా నేస్తాం.

ఎలా ఉతకాలి? పురుగు పట్టకుండా ఏం చేయాలి?

వాషింగ్ మెషిన్‌లో వేయకండి. వేడి నీళ్లు, రాపిడి రెండూ కలిస్తే ఉన్ని పోచల మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని గొంగడి సగానికి ముడుచుకుపోతుంది, మళ్లీ సాగదు. మురికైతే చల్లని నీళ్లలో కుంకుడుకాయ రసం కలిపి నానబెట్టి, నెమ్మదిగా ఒత్తండి. పిండకండి. నీడలో, తాడు మీద వేలాడదీయకుండా మంచం మీద పరిచి ఆరబెట్టండి. నిజానికి నెలకోసారి ఎండలో వేసి కర్రతో దులిపితే చాలు, ఉతకడమే అరుదు.

పురుగు పట్టేది వాడని గొంగడికే. చీకట్లో, కదలిక లేని చోట చిమ్మెట గుడ్లు పెడుతుంది, దాని పురుగు ఉన్నిని తింటుంది. మేం మడతల్లో ఎండిన వేపాకు వేస్తాం. అయినా దాని మీదే ఆధారపడకండి, రెండు నెలలకోసారి తీసి ఎండ చూపించండి. ఆసనం, సంచీ లాంటి చిన్నవాటికి అనుమానం ఉంటే కవర్లో గట్టిగా మూసి మూడు నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో ఉంచండి.

మాంసానికి కూడా అమ్ముతారా?

అమ్ముతాం. ఈ ప్రశ్న అడిగినవాళ్లలో కొందరు జవాబు విని మొహం ముడుచుకుంటారు, వాళ్ల మనసు నాకు అర్థమవుతుంది. అయినా ఉన్నిమీదే మంద నిలబడదు. ఏడాదిలో పుట్టిన పిల్లల్లో ఆడవాటిని ఉంచుకుంటాం, పొట్టేలు పిల్లల్లో బాగా నల్లగా, ఉన్ని దట్టంగా ఉన్న ఒకటి రెండింటిని విత్తనానికి ఆపి మిగతావి అమ్ముతాం. ఎండాకాలం రైతులు తమ పొలాల్లో రాత్రిపూట మంద పెట్టించుకుంటారు. ఆ ఎరువు డబ్బులు, గింజలు మరో ఆదాయం. పిల్లలు, ఎరువు, ఉన్ని మూడూ కలిస్తేనే ఇల్లు గడుస్తుంది.

జబ్బులు ఎక్కువా? టీకాలు ఎప్పుడు వేయిస్తారు?

తొలకరి వానలకు లేత గడ్డి మొలిచినప్పుడు చిటుకు రోగం వస్తుంది. సాయంత్రం దాకా గంతులేసిన పిల్ల తెల్లారేసరికి చచ్చి పడి ఉంటుంది. దానికి వానలకు ముందే టీకా వేయించాలి. వానలు పడ్డాక దోమలాంటి చిన్న ఈగల వల్ల నీలి నాలుక వస్తుంది: మూతి వాచి, కుంటుతూ, మేత మానేస్తుంది. పారుడు రోగానికి ఒకసారి టీకా వేస్తే మూడేళ్లు రక్షణ. నట్టల మందు వానకు ముందూ తర్వాతా తప్పనిసరి. నీళ్లు అందక వాడిన జొన్న పైరులోకి మందను పోనివ్వకండి, నాము (వాడిన పైరులో పుట్టే విషం) తగిలి నిమిషాల్లో పడిపోతాయి. ఆవులకు పెట్టే ఖనిజ మిశ్రమం గొర్రెలకు పెట్టకండి, అందులో ఉన్నంత రాగి గొర్రెకు విషం. అత్యవసరమైతే 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల వస్తుంది.

మా తప్పు కూడా చెప్తాను, ఇంకొకరికి జరగకూడదని. నాలుగేళ్ల కింద ఒక సంతలో మంచి నల్ల గొర్రెలు ఏడు కనపడితే కొన్నాం. ఆశతో అదే రోజు మందలో కలిపేశాం. పది రోజులకు ఒకదాని చెవి లోపల, తోక కింద చిన్న బొబ్బలు. తర్వాత మందంతా పాకింది. పదకొండు పిల్లలు పోయాయి. అత్తమ్మ ఒక్కొక్కదానికీ సీసాతో జావ పోస్తూ రాత్రంతా దొడ్డిలోనే కూర్చుంది. అప్పటినుంచి కొత్త గొర్రె ఏది వచ్చినా మూడు వారాలు వేరే కొట్టంలోనే ఉంటుంది, ఎవరిచ్చినా సరే.

ఉద్యోగం మానేసి గొర్రెల ఫామ్ పెట్టాలనుకుంటున్నాం. సలహా?

ముందు నెల రోజులు ఎవరైనా కాపరి వెంట తిరగండి. ఇది మొదటి సలహా, అన్నిటికన్నా ముఖ్యమైనది. గొర్రె ఐదు నెలలు మోసి ఈనుతుంది, సాధారణంగా ఒకటే పిల్ల. అవి ఈనేది అర్ధరాత్రీ, వాన రాత్రీ. ఆదివారం సెలవు ఉండదు.

పది పదిహేనుతో మొదలుపెట్టండి. ఇరవై ఐదు గొర్రెలకు ఒక పొట్టేలు చాలు, రెండేళ్లకోసారి దాన్ని మార్చండి, లేకపోతే తండ్రీ కూతుళ్లు కలుస్తాయి. కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు చూడండి: పాలపళ్లు ఊడి రెండో నాలుగో పెద్ద పళ్లు వచ్చి ఉంటే మంచి వయసు. మేపడానికి కంచె లేకపోతే కట్టేసి మేపడం దక్కనీకి నప్పదు. దానికి నడక కావాలి. ఇంటి దగ్గర కంది పొట్టు, పల్లి కట్టె, సుబాబుల్, అవిశ ఆకు, ఎండాకాలం తుమ్మకాయలు సమకూర్చుకోండి.

ఉన్ని కోసం పెంచాలనుకుంటే చుట్టుపక్కల వడికేవాళ్లున్నారో లేదో ముందు చూడండి. గొర్రెను కొనడం తేలిక, రాట్నం తిప్పే చెయ్యి దొరకడమే కష్టం.

వడకడం నేర్పుతారా?

నేర్పుతాం. తకిలితో (చేత్తో తిప్పే చిన్న కదురు) మొదలుపెడతాం, రెండో రోజు రాట్నం. మొదటి రోజు మీ పోగు ఒకచోట తాడులా, ఒకచోట వెంట్రుకలా వస్తుంది. ఆ పోగును పారేయకండి, పెద్దమ్మ దాన్ని పేకలో (అడ్డ పోగుల్లో) కలిపి మీకే ఆసనంగా నేయిస్తుంది. పన్నెండేళ్లు దాటిన పిల్లలు కూడా రావచ్చు. నేర్చుకున్నవాళ్లలో ముగ్గురు ఇప్పుడు మాకు వడికి ఇస్తున్నారు. ఈ సంగతి రాస్తుంటే నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

అమెరికాకు పంపుతారా?

నేసిన గొంగళ్లు, ఆసనాలు, ఉతికి వడికిన పోగు పంపుతాం. ఉతకని ముడి ఉన్ని పంపం, జంతువుల నుంచి వచ్చే సరుకు మీద అక్కడ కట్టడి ఉంటుంది. అక్కడి మనవాళ్లు ఇంటికి వచ్చినప్పుడు చేత్తో పట్టుకెళ్లడమే ఎక్కువ.

మా తాత గొంగడి అటక మీద దొరికింది. చిరుగులున్నాయి. బాగు చేస్తారా?

తీసుకురండి. అదే మందం నల్ల పోగు మా దగ్గర ఉంటుంది, చిరిగినచోట పడుగు, పేక మళ్లీ అల్లి కలుపుతాం. మా దగ్గర నేసింది కాకపోయినా చేస్తాం. ముందు మాత్రం ఎండలో వేసి దులపండి, ఉతకకండి.

పోయిన వేసవిలో మక్తల్ వైపు నుంచి ఒకామె తన తండ్రి గొంగడి తెచ్చింది. నలభై ఏళ్ల నాటిది. ఒక మూల మాత్రం మిగతాదానికన్నా నున్నగా అరిగి ఉంది, ఆయన తల మీద వేసుకునే మూల అది. మడత విప్పితే అంచులో రెండు పల్లేరుకాయలు ఇంకా పట్టుకుని ఉన్నాయి. తీసేయనా అని అడిగితే వద్దంది. వాటిని అలాగే ఉంచి, చుట్టూ అల్లి ఇచ్చాం.